ఒక జాడీ తేనె, తల లేని బొమ్మ: క్రీట్ దేవతల సాక్ష్యాల్లో ఏవి నిలుస్తాయి?

గ్రీస్‌కు దక్షిణాన ఉన్న క్రీట్ ద్వీపంలో క్నోసస్ ప్యాలెస్. సుమారు క్రీ.పూ. 1400 ప్రాంతం. ఎవరో గుమాస్తా పచ్చిమట్టి పలక మీద రెండు పద్దులు రాసిపెట్టాడు. మొదటిది: దేవతలందరికీ, తేనె, ఒక జాడీ. రెండోది: లాబిరింత్ అమ్మవారికి, తేనె, ఒక జాడీ. అంతే. స్తోత్రం లేదు, కథ లేదు, వరం లేదు. కొట్టు గదిలోంచి ఏ సరుకు ఎవరి పేరున బయటికి వెళ్ళిందో లెక్క, అంతకుమించి ఏమీ కాదు. తర్వాత ఎప్పుడో ప్యాలెస్ తగలబడింది. ఆ మంటల్లో పచ్చిమట్టి కాలి గట్టిపడబట్టే ఈ పద్దు మన దాకా వచ్చింది.

లాబిరింత్ అంటే దారి తెలియని మెలికల కట్టడం. ‘అమ్మవారు’ అని నేను రాసినచోట పలక మీద ఉన్న మాట ‘పొత్నియా’. యజమానురాలు, దొరసాని అని అర్థం. సంస్కృతంలోని ‘పత్ని’కి ఇది తోబుట్టువు, రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. శుభలేఖల్లో ‘ధర్మపత్ని సమేతంగా’ అని మనం వేసుకునే మాటకు బంధువు, 3400 ఏళ్ళ కిందట క్రీట్‌లో ఒక దేవత బిరుదుగా లెక్కల పుస్తకంలోకి ఎక్కిందన్నమాట. ఇంకో సంగతి కూడా గమనించాలి. ‘దేవతలందరికీ’ కలిపి ఒక జాడీ, ఆవిడ ఒక్కదానికే ఒక జాడీ. ఆవిడ స్థాయి ఏమిటో గుమాస్తా నోరు విప్పకుండానే చెప్పేశాడు.

ఈ పలకలు 1900లోనే బయటపడ్డాయి. కానీ వాటి మీది లిపిని (లీనియర్ బి అంటారు) 1952లో మైఖేల్ వెంట్రిస్ అనే ఆర్కిటెక్ట్ ఛేదించి, అందులో ఉన్నది పాత గ్రీకు భాషేనని తేల్చేదాకా తేనె సంగతి ఎవరికీ తెలియదు. అంటే మధ్యలో 50 ఏళ్ళపాటు క్రీట్ దేవతల గురించి రాసినవాళ్ళంతా ఒక్క అక్షరం సాయం లేకుండా, బొమ్మల్ని చూసి రాసినవాళ్ళే. ఇది గుర్తుంచుకుంటే చిక్కుముడి సగం వీడినట్టే.

క్రీట్‌లో దేవతల్ని, అంటే స్త్రీ దేవతల్ని, కొలిచారా అంటే కొలిచారు. అందులో అనుమానం లేదు. చిత్రమేమిటంటే ప్రపంచమంతా తెలిసిన సాక్ష్యం అన్నిటికన్నా బలహీనమైనది, బలమైన సాక్ష్యాల ముఖం చూసేవాళ్ళు తక్కువ. ఇక ‘దేవతలు ఉండేవాళ్ళు’ అనే మాట దగ్గర్నుంచి ‘ఒకే ఒక ఆదిమాత ఉండేది, ఆడవాళ్ళే రాజ్యం ఏలారు’ అనే మాట దాకా వెళ్ళడానికి మధ్యలో వంతెన లేదు. చాలామంది గెంతి దాటేశారు.

పాముల బొమ్మ సంగతి

గూగుల్‌లో ‘మినోవన్ (అంటే ప్రాచీన క్రీట్) దేవత’ అని కొడితే మొదట కనిపించేది ఆమే. కుచ్చుల కుచ్చుల పావడా, దాని మీద ముందూ వెనకా ఏప్రన్ లాంటి గుడ్డ, బిగుతైన రవిక, బయటికి కనిపించే వక్షం, పైకెత్తిన రెండు చేతుల్లో రెండు పాములు, తల మీద పిల్లి. సూటిగా చూసే పెద్ద కళ్ళు. హెరాక్లియన్ మ్యూజియంలో ఉంటుంది. ఎత్తు 30 సెంటీమీటర్ల లోపే.

1903లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ బృందం క్నోసస్ ప్యాలెస్ పడమటి భాగంలో ఒక గది నేల పలకలు లేపింది. కింద రాళ్ళతో కట్టిన రెండు గోతులు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో నింపి మూసేసినవి. వాటిలో రంగులు పూసిన సముద్రపు గవ్వలు, ఎగిరే చేపల ఫలకాలు, దూడకు పాలిస్తున్న ఆవు, పిల్లకు పాలిస్తున్న మేక, పాలరాతి శిలువ ఒకటి, ముద్రలు వేసిన మట్టి ముద్దలు, వీటి మధ్య ఆడ బొమ్మల ముక్కలు. బొమ్మలు ఫయాన్స్‌తో చేసినవి, అంటే పలుగురాయి పొడిని ముద్ద చేసి, పైన గాజులాంటి మెరుపు వచ్చేలా కాల్చినవి. ఎవాన్స్ ఈ గోతులకు ‘టెంపుల్ రిపాజిటరీస్’, గుడి కొట్లు, అని పేరు పెట్టాడు. లోపలేముందో తేల్చకముందే పేరులో గుడి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు బొమ్మ దొరికినప్పుడు ఎలా ఉందో చూద్దాం. తల లేదు. ఎడమ చెయ్యి లేదు. కుడిచేతి పిడికిట్లో చారలు చారలుగా మెలితిరిగిన దేనిదో కొస ఉంది, కానీ దానికి పాము తల లేదు. పిల్లి విడిగా దొరికిన ముక్క. హాల్వర్ బాగె అనే డేనిష్ చిత్రకారుడు ఎవాన్స్ చెప్పిన ప్రకారం వీటన్నిటినీ అతికించి, లేనివి కొత్తగా చేసి పెట్టాడు. మనల్ని అంత తీక్షణంగా చూసే ఆ ముఖం 20వ శతాబ్దంలో తయారైన ముఖం. ఎడమ చేతిలోని పాము, కుడిచేతిలో పాము ఉందనుకుని జోడీగా పెట్టిన పాము. అసలు ఆ కుడిచేతిలోది పామేనా, మెలివేసిన తాడు కాదా అని అడుగుతున్న పండితులూ ఉన్నారు. పొలుసులు లేకపోవడం, తల దొరక్కపోవడం వాళ్ళ పట్టు.

అదే గోతిలో దొరికిన రెండో బొమ్మ కాస్త పెద్దది, 34 సెంటీమీటర్లు. దాని చేతుల మీదా నడుం చుట్టూ పాకుతున్నవి మాత్రం నికరంగా పాములే. ఎత్తైన టోపీ మీంచి ఒకటి తల ఎత్తి చూస్తుంది కూడా. కానీ దానికీ నడుం కింది భాగం చాలావరకు కొత్తదే. పెద్ద బొమ్మ దేవత, చిన్న బొమ్మ పూజారిణో భక్తురాలో అని ఎవాన్స్ తీర్పు చెప్పాడు. ఆ తీర్పుకు ఆధారం ఏమిటని వెతికితే పరిమాణంలో తేడా తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. తమాషా ఏమిటంటే, లోకం ఆయన మాట కూడా వినలేదు. ఆయన భక్తురాలు అన్న చిన్న బొమ్మనే దేవతను చేసి నెత్తిన పెట్టుకుంది. సూటిగా చూసే ముఖం దానిదే కదా మరి, ఆ ముఖం ఎవరు చేసినా సరే.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. బొమ్మలకు పేరొచ్చాక మార్కెట్ ఊరుకోదు. 1914లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలోకి దంతం, బంగారంతో చేసిన అందమైన ‘పాముల దేవత’ వచ్చింది. 1926లో కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియం ఒక రాతి దేవతను కొన్నది. 1931లో టొరాంటో మ్యూజియం ఇంకో దంతపు బొమ్మను తెచ్చుకుంది. వీటిలో ఏదీ తవ్వకాల్లో దొరికినది కాదు. ఎక్కడ, ఏ మట్టి పొరలో పుట్టిందో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. కేంబ్రిడ్జ్ రాతి బొమ్మ నకిలీదని తేలిపోయింది. టొరాంటో బొమ్మను నమ్మేవాళ్ళు దాదాపు లేరు. బోస్టన్ బొమ్మ మీద అనుమానాలు బలంగా ఉన్నాయి. 2002లో కెన్నెత్ లాపటిన్ ఈ దందా మొత్తాన్ని తవ్వి తీసి ఒక పుస్తకమే రాశాడు.

పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ తన జ్ఞాపకాల్లో ఒక సంఘటన రాసుకున్నాడు. క్రీట్‌లో చావుబతుకుల్లో ఉన్న ఒక పనివాడు పోలీసులను పిలిపించి, తాను, తన జతగాడు కలిసి పాత వస్తువులు తయారు చేస్తున్నామని ఒప్పుకున్నాడట. వెళ్ళి చూస్తే సగం చెక్కిన దంతపు బొమ్మలు, ఆసిడ్‌లో నానుతున్నవి, అన్ని దశల్లోనూ ఉన్నాయట. వాళ్ళు ఎవాన్స్ దగ్గర మరమ్మతు పనులు నేర్చుకున్నవాళ్ళే. మరి నకిలీ బొమ్మలు ఎవాన్స్ ఊహలకు అచ్చు గుద్దినట్టు సరిపోవడంలో వింతేముంది? ఆ సరిపోలికను చూపించే ఎవాన్స్ తన ఊహ నిజమన్నాడు. టొరాంటో బొమ్మను అసలైనదిగా లోకానికి పరిచయం చేసింది స్వయంగా ఆయనే.

నకిలీలను, అనుమానపు సరుకును పక్కన పెట్టేస్తే, ప్యాలెస్‌ల కాలపు క్రీట్‌లో చేతుల్లో పాములున్న స్త్రీ బొమ్మలుగా మనకు మిగిలేవి ప్రధానంగా ఆ రెండు గోతుల్లోవే. అంత పెద్ద ‘పాముల దేవత మతం’ నిలబడ్డ పునాది ఇది.

ఒక్క దేవత కావాల్సి వచ్చింది ఎందుకు?

ఎవాన్స్‌ను మోసగాడు అనేయడం సులువు, కానీ తప్పు. ఆయన తన కాలపు మనిషి. 1861లో బాఖోఫెన్ అనే స్విస్ పండితుడు మానవ సమాజం మొదట తల్లుల ఏలుబడిలో ఉండేదని పెద్ద గ్రంథం రాశాడు. 1890లో జేమ్స్ ఫ్రేజర్ చచ్చి మళ్ళీ పుట్టే పంటల దేవుడి సిద్ధాంతం తెచ్చాడు. ఈ రెండూ ఇంగ్లండ్ చదువరుల నోళ్ళలో నానుతున్న రోజుల్లో ఎవాన్స్ క్నోసస్‌లో గునపం దించాడు. గనక దొరికిన ప్రతి స్త్రీ రూపం ఒకే మహామాతకు అవతారమైంది, పక్కన కనిపించిన ప్రతి కుర్రాడూ ఆమె కొడుకో ప్రియుడో అయ్యాడు. ఆరేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు కాబట్టే క్రీట్ అంతా తల్లిని వెతుక్కున్నాడని చెప్పే జీవితచరిత్రకారులూ ఉన్నారు. నాకు అది అతిగా తోస్తుంది. ఫ్రేజర్‌ను చదివితే చాలు, తల్లి బతికున్నవాడైనా అలాగే రాసేవాడు.

దీనికి మొదటి గట్టి దెబ్బ 1960లలో తగిలింది. పీటర్ అక్కో అనే పరిశోధకుడు నవీన శిలాయుగపు క్నోసస్ మట్టి బొమ్మల్ని, ఈజిప్టు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటీ పరిశీలించాడు. ఆడ బొమ్మలున్నాయి. మగవీ ఉన్నాయి. ఆడో మగో తేల్చడానికి ఏ గుర్తూ లేనివి బోలెడు. పిల్లల ఆటబొమ్మలో, నేర్పడానికి వాడినవో, మంత్రతంత్రాలకు చేసినవో కూడా కావచ్చు, అన్నీ ‘మాతృదేవతే’ అనడానికి ఆధారం లేదన్నాడు. పండితులు చాలావరకు ఒప్పుకున్నారు. బయటి లోకం ఒప్పుకోలేదు. 1970ల నుంచి మరియా గింబుటాస్ ‘పాత యూరప్’లో దేవతను కొలిచే శాంతియుత సమాజాలు ఉండేవని రాస్తూ వచ్చింది, ఆ కథలో క్రీట్ ఆఖరి కోటగా నిలిచింది.

స్త్రీలకు క్రీట్ చిత్రకళలో పెద్ద చోటే ఉంది. క్నోసస్ కుడ్యచిత్రాల్లో జాతర లాంటి దృశ్యాల్లో ముందు వరసలో దర్జాగా కూర్చుని కబుర్లాడుతున్నది ఆడవాళ్ళే. మగాళ్ళు వెనక గుంపులో ఎర్రటి తలకాయల చుక్కలు మాత్రమే. ఇది నిజం, తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ గుళ్ళో దేవత ఉంది కాబట్టి ఇంట్లోనూ రాజ్యంలోనూ ఆడవాళ్ళదే పెత్తనం అనే వాదనలో లొసుగేమిటో, ఊరికో అమ్మవారున్న దేశంలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి దేవత అని తేల్చేదెలా?

బొమ్మ చూడగానే దేవత అనకూడదంటే, ఎప్పుడు అనొచ్చు? 1985లో కోలిన్ రెన్‌ఫ్రూ మెలోస్ అనే మరో ద్వీపంలోని ఫిలకోపి ఊరి గుడిని తవ్విన అనుభవంతో కొన్ని గీటురాళ్ళు చెప్పాడు. వాటిని మన మాటల్లోకి దించుకుంటే అడగాల్సిన ప్రశ్నలు తేలికైనవే. ఆ రూపం ఎక్కడ దొరికింది, అరుగు మీదా, చెత్తకుప్పలోనా? ముందు నైవేద్యపు గిన్నెలున్నాయా? చిత్రమైతే ఆమెకు ఎవరు సేవ చేస్తున్నారు? మనుషులు చేయలేని పని ఏదైనా చేస్తోందా?

ఈ పరీక్షలో నాకు తెలిసి అన్నిటికన్నా బాగా నెగ్గేది క్రీట్‌లో లేదు, దానికి ఉత్తరాన ఉన్న థీరా ద్వీపంలో, అంటే ఇవాళ్టి సాంటొరినిలో ఉంది. అగ్నిపర్వతం పేలి బూడిద కింద పూడిపోయిన అక్రొతిరి పట్నాన్ని స్పిరిడాన్ మారినాటోస్ 1967లో తవ్వడం మొదలుపెట్టాడు. క్రీట్ సంస్కృతి గాఢంగా సోకిన ఊరు అది. అక్కడ క్సెస్తే 3 అనే భవనం పై అంతస్తు గోడల మీద కొండ రాళ్ళ మధ్య అమ్మాయిలు కుంకుమపువ్వు కోస్తున్నారు. కోసింది బుట్టల్లో పోస్తున్నారు. మూడు మెట్లుగా ఉన్న వేదిక మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. మెడలో హారాలు, ఒకదాని పూసలు బాతులు, ఇంకోదాని పూసలు తూనీగలు. చెంప మీద కుంకుమపువ్వు బొమ్మ. ఎదురుగా నీలి రంగు కోతి ఒకటి వెనక కాళ్ళ మీద నిలబడి ఆ కేసరాలు అందిస్తోంది. వెనకాల గ్రద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న గ్రిఫిన్ ముందరికాళ్ళు ఎత్తి నిలుచుంది.

కోతి పూజారిణికి పువ్వులు అందించదు. గ్రిఫిన్ మనిషికి కాపలా కాయదు. కొలిచేవాళ్ళు, నైవేద్యం, ఎత్తైన పీట, మానవ లోకంలో లేని జంతువు, నాలుగూ ఒకే గోడ మీదికి వచ్చాయి. ఇక్కడ దేవత అనడానికి ధైర్యం అక్కర్లేదు.

క్రీట్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి, కాకపోతే గోరంత. క్నోసస్‌లో దొరికిన ఒక ముద్ర అచ్చులో కొండ శిఖరం మీద ఒక స్త్రీ దండం చాచి నిలబడింది, అటొక సింహం ఇటొక సింహం, వెనక గుడి కట్టడం, ఎదురుగా ఒక మగవాడు నుదుటికి చెయ్యి ఆనించి వెనక్కి వంగి దండం పెడుతున్నాడు. 1910లో ఇసొపాతా సమాధిలో దొరికిన బంగారు ఉంగరం మీద లిల్లీ పూల మధ్య నలుగురు స్త్రీలు ఆడుతుంటే, పైన ఆకాశంలో బుల్లి స్త్రీ ఆకారం ఒకటి తేలుతోంది. దేవత దిగివస్తోందని ఎక్కువమంది చదువుతారు. లేదా దూరంగా ఉంది కాబట్టి చిన్నగా గీశాడేమో, ఉంగరం మీద జాగా అంతే మరి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పూజారిణి దేవత వేషం కడితే? క్నోసస్‌లో జిప్సం రాతి సింహాసనం 1900లో బయటపడింది. ఎవాన్స్ మొదట దాన్ని గ్రీకు పురాణాల్లోని రాకుమారి అరియాడ్నిది అన్నాడు, తర్వాత ఆమె తండ్రి మినోస్ రాజుది చేశాడు. 1958లో హెల్గా రాయిష్ అనే పరిశోధకురాలు దాని రెండు పక్కలా గోడ మీద గ్రిఫిన్లు ఉండడం చూపించి, చిత్రాల్లో గ్రిఫిన్ల మధ్య కూర్చునేది దేవతే కాబట్టి ఈ కుర్చీలోనూ పండగ రోజున దేవతగా ఒక స్త్రీ కూర్చునేదని వాదించింది. ఆ గదిలో రాజు కన్నా ఆమె ఎక్కువ నమ్మశక్యంగా అనిపిస్తుంది. కానీ అది నిజమైతే, ఉంగరాల మీద మనం దేవత అనుకుంటున్నవాళ్ళలో ఎందరు దేవతలు, ఎందరు ఆ రోజుకు దేవతలైన మనుషులు? బొమ్మ చెక్కినవాడికే ఆ తేడా పట్టి ఉండకపోవచ్చు.

మగ దేవుళ్ళు లేరా అంటే, ఉన్నారు. ద్వీపం తూర్పు కొసన పలైకాస్త్రోలో 1987 నుంచి ముక్కలు ముక్కలుగా ఒక యువకుడి విగ్రహం దొరికింది. నీటిగుర్రం దంతంతో ఒళ్ళు, సర్పెంటైన్ రాతితో జుట్టు, స్ఫటికపు కళ్ళు, ఒంటిమీద బంగారపు రేకు, ఎత్తు అరమీటరు. చేతుల మీద నరాలు కూడా చెక్కారు. క్రీ.పూ. 1450 ప్రాంతంలో ఎవరో దాన్ని కావాలని పగలగొట్టి ముక్కల్ని చెల్లాచెదురు చేశారు. అదే ఊళ్ళో 1904లో ఒక శాసనం దొరికింది, క్రీస్తు శకం 3వ శతాబ్దంలో చెక్కింది. అందులో ‘మహా కుర్రాడా’ అని గ్రీకు దేవతల రాజు జ్యూస్‌ను పిలిచే పాట ఉంది. మధ్యలో 1600 ఏళ్ళకు పైగా ఎడం, కాబట్టి ఇద్దరూ ఒకడే అని గట్టిగా చెప్పలేం. అయినా ఆ తల్లి పక్కన తలొంచుకు నిలబడే కొడుకులా మాత్రం ఈ విగ్రహం లేదు. పాముల బొమ్మకు వచ్చిన పేరులో పదో వంతు కూడా దీనికి రాలేదు, ఇది మాత్రం తవ్వకంలో, మట్టి పొరతో సహా లెక్క రాసుకుని తీసిన విగ్రహం.

మామూలు జనం సంగతి ప్యాలెస్‌లలో కాదు, కొండల మీద తెలుస్తుంది. పలైకాస్త్రోకు పైన పెట్సొఫాస్ కొండ మీద 1903లో జాన్ మైర్స్ తవ్వినప్పుడు వందల కొద్దీ మట్టి బొమ్మలు వచ్చాయి. గుండెల మీద చేతులు పెట్టుకున్న మగవాళ్ళు, పెద్ద టోపీల ఆడవాళ్ళు, ఎడ్లు, గొర్రెలు, విడిగా కాళ్ళు, చేతులు. ఒంట్లో ఎక్కడ నొప్పి ఉంటే ఆ అవయవం చేసి మొక్కు చెల్లించారు. దేవుడి హుండీలో వెండి కళ్ళు వేసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. అయితే ఒక్క మాట: మనం వెండి కళ్ళు అమ్మవారికీ వేస్తాం, వెంకన్నకూ వేస్తాం. కాలు బొమ్మను బట్టి కాలు నొప్పి తెలుస్తుంది గానీ, ఎదురుగా ఉన్నది దేవుడో దేవతో తెలియదు. పెట్సొఫాస్ బొమ్మలన్నీ మొక్కుకునేవాళ్ళవి, మొక్కు అందుకున్నవాళ్ళవి కావు. ‘కొండదేవత’ అని పుస్తకాల్లో రాసేది ఆ సింహాల ముద్ర అచ్చును తెచ్చి ఇక్కడ తగిలించడం వల్లే.

చేతులెత్తిన అమ్మలు

ప్యాలెస్‌లు కూలిపోయాక, క్రీ.పూ. 13, 12 శతాబ్దాల్లో, చిన్న చిన్న ఊళ్ళలో కొత్త రకం బొమ్మలు కనిపిస్తాయి. కుమ్మరి సారె మీద తిప్పిన గుండ్రటి పావడా, దాని మీద చేత్తో అతికిన మొండెం, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు చూపిస్తూ. తల మీద కిరీటంలో పక్షులో, పాములో, కొమ్ములో. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో హారియట్ బాయిడ్ గుర్నియాలో తవ్వినప్పటి నుంచి ఇవి గాజి, కార్ఫి, కవూసి ఇలా చాలాచోట్ల దొరుకుతూనే ఉన్నాయి. గాజిలో 1936లో దొరికిన ఒకామె కిరీటంలో మూడు గసగసాల కాయలున్నాయి. కాయల మీద నిలువు గాట్లు. నల్లమందు పాలు కారడానికి రైతు పెట్టే గాట్లు అవి. ఆమె కళ్ళు సగం మూసినట్టుంటాయి. ఆ రెండింటినీ కలిపి మత్తులో ఉన్న దేవత అని రాయకుండా ఎవరూ ఉండలేకపోయారు.

ఈ బొమ్మల బలం వాటి రూపంలో లేదు, చోటులో ఉంది. ప్రత్యేకంగా కట్టిన గది, గోడవారన అరుగు, అరుగు మీదా పక్కనా ఈ బొమ్మలు, వాటితోపాటు గిన్నెలు, ఫలకాలు, గొట్టాల్లాంటి మట్టి స్టాండ్లు. ఆ గొట్టాల కథ ఒకటి చెప్పాలి. వాటి పక్కల పాము మెలికల్లాంటి పిడులు వరసగా ఉంటాయి. ఎవాన్స్ చూడగానే ‘పాము గొట్టాలు’ అన్నాడు, ఇంట్లో పెంచుకునే పవిత్ర సర్పాలు వీటిలో కాపురముంటాయన్నాడు. దశాబ్దాల పాటు అందరూ అదే రాశారు. 1970లలో జెరాల్డిన్ గెసెల్ అన్నిటినీ పోగుచేసి చూస్తే, పక్కనే దొరికిన గిన్నెలు గొట్టం మూతి మీద సరిగ్గా కూర్చుంటున్నాయి. నైవేద్యం గిన్నె పెట్టే స్టాండ్లు అవి. పాములు పోయాయి, కానీ పూజ జరిగిందనడానికి సాక్ష్యం మాత్రం ఇంకా గట్టిపడింది.

కవూసి దగ్గర ఒక్క గుడిలోనే ఇలాంటి బొమ్మలు డజనుకు పైగా ఉన్నాయి. ఒకే గదిలో ఇంతమంది దేవతలా? ఒకే దేవతకు ఇంటికొకరు సమర్పించిన ప్రతిమలా? ఎత్తిన చేతులు దీవిస్తున్నట్టా, వేడుకుంటున్నట్టా? తవ్వినవాళ్ళ మధ్యే ఏకాభిప్రాయం లేదు. దేవత ప్రతిమలనే వైపే నేనూ మొగ్గుతాను. భక్తురాలైతే కిరీటంలో పక్షులూ గసగసాలూ ఎందుకు?

పేరుతో సహా దేవత నిలిచే చోటు ఇంకొకటి ఉంది. క్నోసస్‌కు రేవు అమ్నిసోస్. తేనె పద్దుల్లోనే మరో పలక మీద ‘అమ్నిసోస్: ఎలెఉథియాకు, తేనె, ఒక జాడీ’ అని ఉంది. ఎలెఉథియా అంటే తర్వాతి గ్రీకుల ఐలెయిథియా, కాన్పుల దేవత. హోమర్ కావ్యం ఒడిస్సీ 19వ భాగంలో, కథానాయకుడు ఒడిస్సియస్ అల్లిన కట్టుకథలో ‘ఐలెయిథియా గుహ ఉన్న అమ్నిసోస్’ ప్రస్తావన వస్తుంది. ఆ గుహ నిజంగానే ఉంది, రేవుకు పైన కొండలో. మూతి దగ్గర వెడల్పుగా, లోపలికి చీకట్లోకి సాగిపోతుంది. మధ్యలో నేల నుంచి పైకి పెరిగిన సున్నపురాతి స్తంభం, దాని చుట్టూ ఎవరో కట్టిన పొట్టి ప్రహరీ. విగ్రహం లేదు. ఆ రాయే. నవీన శిలాయుగం నుంచి రోమన్ల కాలం దాటేదాకా కుండపెంకులు, దీపాలు అక్కడ దొరికాయి. అన్ని వేల ఏళ్ళూ ఒకే దేవత అని పెంకులు చెప్పవు, కానీ గుమాస్తా పద్దు, కవి మాట, ప్రహరీ కట్టిన రాయి, మూడూ ఒకే చోట కలుస్తున్నాయి. క్రీట్‌లో ఇంతకన్నా గట్టిగా అల్లుకున్న సాక్ష్యం నాకు కనబడలేదు.

అదే పలకల్లో పొసెయిడన్ ఉన్నాడు, ‘గాలుల పూజారిణి’కి ఇచ్చిన నూనె లెక్క ఉంది, అథానా పొత్నియా ఉంది. ఇంతమంది పేర్లున్న లెక్కల పుస్తకంలో ఒకే ఒక ఆదిమాతను ఎక్కడ వెతకాలి? అయితే పలకలు రాసేనాటికి క్నోసస్‌లో పెత్తనం గ్రీకు మాట్లాడేవాళ్ళది. అంతకుముందు క్రీట్ జనం వాడిన లీనియర్ ఎ ఇంతవరకూ ఎవరికీ కొరుకుడు పడలేదు. ఆ లిపిలో, నైవేద్యం పోసే రాతి పళ్ళాల అంచున ఒక మాట పదేపదే వస్తుంది. లీనియర్ బి ధ్వనులు అరువు తెచ్చుకుని చదివితే ‘అససారమె’, ‘యససారమె’ లాగా వినిపిస్తుంది. దేవత పేరు అని కొందరు, కాదు ‘సమర్పయామి’ లాంటి క్రియ కావచ్చని కొందరు.

అక్షరాలకూ ప్యాలెస్‌లకూ ముందు, క్రీ.పూ. 2500 ప్రాంతంలో, దక్షిణ తీరాన మిర్తోస్ దగ్గర ఫూర్ను కొరిఫి అనే చిన్న పల్లె ఉండేది. 1967, 68లలో పీటర్ వారెన్ తవ్వాడు. ఒక గదిలో అరుగు పక్కన పడిపోయి ఉన్న మట్టి బొమ్మ దొరికింది, 21 సెంటీమీటర్ల ఎత్తు. ఉబ్బిన గంట లాంటి ఒళ్ళు, సన్నటి పొడుగు మెడ, చిన్న తల, ఎర్ర రంగుతో గీసిన గళ్ళు. పుల్లల్లాంటి చేతుల్లో ఒకటి చంకలోని బుల్లి కూజాను పట్టుకుని ఉంది. వారెన్ ఆమెను దేవత అన్నాడు. బొమ్మ లోపల బోలు, అసలు అది ఒక పాత్ర. నీళ్ళు పోయాలన్నా వంపాలన్నా ఒంటికి ఇంకెక్కడా రంధ్రం లేదు. ఆ బుల్లి కూజా మూతిలోంచే పోయాలి, దానిలోంచే వంచుకోవాలి.